మంచినీటిలో క్లోరినువలన బుట్టు ఉపోత్పన్నములు

మన వసతిగృహపు బావిలో వర్షకాలమంతయు బ్లీచింగు పౌడరు కలుపుచుండుట విద్యార్థులెల్లరు నెరిగినదే. గడచిన శ్రావణమాసమున ఒక విద్యార్థి తండ్రిగారు నాకొక జాబు వ్రాసిరి. క్లోరిను కలిపిన నీటిలో క్యాన్సరు గలిగించు పదార్థములు పుట్టునని తాము చదివితిమనియు, కావున బావిలో ఆ పొడి వేయుట తక్షణమే మానవలెననియు, మానని పక్షమున తమ కుమారుని ఇంటికి పిలిపించుకొందుమనియు అందు వ్రాయబడియుండెను. మాటలు కొంచెము కటువుగానున్నను, బిడ్డ క్షేమమును గోరు తండ్రి వ్రాసినవే గనుక నాకు కోపము రాలేదు. పైగా ఆయన చదివినది వట్టి పుకారును గాదు. అట్టి పదార్థములు పుట్టుట నిజమే. వానిని గూర్చి రసాయనశాస్త్రజ్ఞులు ఏబది సంవత్సరములుగా పరిశోధించుచున్నారు. అయితే ఆ నిజమునుండి ఆయన తీసిన నిర్ణయము సరియైనదా యనునది వేరు ప్రశ్న. అప్పుడు నేను నాలుగు పంక్తులలో బదులు వ్రాసితిని. అది చాలదని పిమ్మట నాకే తోచినది. ఈ సందేహము ఇంక పలువురు తలిదండ్రులకు నుండవచ్చును గావున దానికి తగిన సమాధానమును ఈ సంచికలో పాఠరూపముగా వ్రాయుచున్నాను.

మొదట, నీటిలో క్లోరిను ఎందుకు కలుపుదురో చూతము. విషూచి, టైఫాయిడు, రక్తవిరేచనములు, కామెర్లలో నొక తెగ, ఇవి రోగి మలమునుండి నీటిలోనికిని, నీటినుండి ఇతరుల నోటిలోనికిని ప్రవేశించు జాడ్యములు. 1854లో లండనునగరమందు విషూచి ప్రబలినప్పుడు జాన్ స్నో అను వైద్యుడు మృతుల యిండ్లు ఎచ్చటెచ్చట నున్నవో విచారించి, అవి బ్రాడ్ వీథిలోని యొక పంపు చుట్టును క్రిక్కిరిసియుండుటను జూపి, ఆ పంపు పిడిని తీసివేయించెను. అప్పటికింకను విషూచిక్రిమిని గూర్చి లోకమునకు తెలియదు. అది 1884లో మన దేశమందే, కలకత్తాలో, రాబర్టు కోఖు అను జర్మనుపండితుని సూక్ష్మదర్శినిక్రింద స్థిరపడినది. నీరు చూపునకు తేటగానున్నను అందు మృత్యువు దాగియుండవచ్చునని జనులు గ్రహించుటకు ఇట్లు ముప్పది యేండ్లు పట్టినది.

క్లోరినును 1774లో స్వీడను దేశస్థుడగు షీలే కనుగొనెను. అది మూలపదార్థమని నిర్ణయించి 1810లో దానికా పేరు పెట్టినవాడు హంఫ్రీ డేవీ. పచ్చని ఛాయ గలిగి, ఘాటైన వాసనగల విషవాయువు. 1915లో ఈప్రు యుద్ధభూమిలో సైనికులపై విడువబడినదియు నిదియే. అట్టి వాయువును పసిబిడ్డలు త్రాగు నీటిలో కలుపుట వినుటకే భయముగా నుండును. కాని మోతాదును బట్టియే విషమును, ఔషధమును. ఇంగ్లాండులోని లింకను పట్టణమున టైఫాయిడు చెలరేగగా 1905లో అలెగ్జాండరు హూస్టను అను నాయన పట్టణపు నీటిలో ఎడతెగక క్లోరిను సంబంధమైన లవణమును కలిపించెను. అమెరికాలో 1908లో జెర్సీ నగరమునకు నీరిచ్చు జలాశయమువద్ద జాన్ లీల్ అను వైద్యుడు అట్లే చేయగా, మందు కలిపిన నీరు మాకు వలదని వ్యాజ్యము నడచినది. ఆ విధానము నిరపాయమనియు గుణకారియనియు 1910లో నిర్ణయమాయెను. అటుపిమ్మట కొలది దశాబ్దములలో ఆ దేశపు పట్టణములలో టైఫాయిడు మరణములు దాదాపుగా లేకపోయినవి. వడపోత, మురుగుకాలువలు, పాలను కాచుట మొదలైనవియు నిందుకు తోడ్పడినవి. యశస్సు అంతయు క్లోరినుదే యనుట అతిశయోక్తి. కాని పెద్ద పాలు దానిదే యనుటలో సందేహము లేదు.

క్లోరిను నీటిలో కరగినప్పుడు హైపోక్లోరసు ఆమ్లము పుట్టును. బ్లీచింగు పౌడరు వేసినను పుట్టునది అదియే. ఈ ఆమ్లపు అణువు చిన్నది, విద్యుదావేశము లేనిది. కావున క్రిమి పైపొరను సులభముగా దూరి, లోనిభాగములను ఆక్సీకరించి దానిని చంపును. ఇంతవరకు మీ పాఠ్యపుస్తకములలో నున్నదే. పుస్తకములు తరచుగా చెప్పక విడుచునది ఒకటి కలదు. హైపోక్లోరసు ఆమ్లమునకు క్రిమి యనియు, ఆకురసమనియు భేదము తెలియదు. నీటిలో తనకెదురైన ప్రతి సేంద్రియపదార్థముతోను అది కలియబడును.

దీనిని చూచుటకు ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. రెండు గాజుగ్లాసులలో తేటనీరు పోసి, ఒకదానిలో నాలుగైదు రావియాకులు చించివేసి నాలుగు దినములుంచుడు. ఆ నీరు పలుచని తేనీటి రంగునకు వచ్చును. ఆకులు తీసివేసి, ఉపాధ్యాయుని సమక్షమున రెంటిలోను సమానముగా బ్లీచింగు తేట కొన్ని చుక్కలు వేసి అరగంట తరువాత వాసన చూడుడు. తేటనీటిలో క్లోరిను వాసన నిలిచియుండును. ఆకుల నీటిలో అది సన్నగిల్లియో, మాయమైయో యుండును. ఆ క్లోరిను ఏమైనది? ఆకులనుండి దిగిన గోధుమరంగు పదార్థములతో కలిసి ఖర్చైపోయినది. కుళ్లిన ఆకులు, గడ్డి, నాచు మొదలగువానినుండి నేలలోను నీటిలోను చేరు ఈ పదార్థములకు హ్యూమికు ఆమ్లములు, ఫల్వికు ఆమ్లములు అని పేర్లు. అట్లు కలిసినప్పుడు పుట్టు క్రొత్త పదార్థములే ఈ పాఠమునకు విషయమైన ఉపోత్పన్నములు.

వీనిని మొదట స్పష్టముగా కనిపెట్టినవాడు హాలండు దేశమున రాటర్డాము నగరపు నీటిశాఖలోని రసాయనశాస్త్రజ్ఞుడు యోహానెస్ రూక్. మూసిన పాత్రలో నీటిపైనుండు గాలిని సూక్ష్మముగా పరీక్షించు పద్ధతిచే ఆయన, నదిలోని పచ్చినీటిలో లేని క్లోరోఫారము, క్లోరిను కలిపినపిదప నీటిలో నుండుటను 1974లో ప్రకటించెను. అదే సంవత్సరమున అమెరికాలో సిన్సినాటి నగరమందలి ప్రభుత్వశాస్త్రజ్ఞులును తమంతట తాము ఇదే సంగతి కనుగొనిరి.

క్లోరోఫారమనగానే మన పెద్దలకు శస్త్రచికిత్సశాల జ్ఞప్తికి వచ్చును. 1847లో ఎడింబరోలో సింప్సను దానిని మత్తుమందుగా వాడుక చేసినది మొదలు అనేక దశాబ్దములు లోకమంతట దానినే వాడిరి. మన హైదరాబాదునకు దీనితో నొక ప్రత్యేక సంబంధము కలదు. క్లోరోఫారము గుండెను ఆపి చంపునా, ఊపిరిని ఆపి చంపునా యను వివాదమును తేల్చుటకు 1888, 1889 సంవత్సరములలో అచ్చటి రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డు లారీ ఆధ్వర్యమున, నిజాముగారి ధనసహాయముతో, రెండు కమిషనులు నడచినవి. గుండెకు భయము లేదని ఆ కమిషనులు చెప్పినమాట తరువాతి పరిశోధనలకు నిలువలేదు. ఇది ప్రసక్తానుప్రసక్తము, అయినను ఒక పదార్థమును గూర్చి పండితులు నొక్కిచెప్పినదియు మారుచుండునని తెలియుటకు ఇది యుపకరించును.

క్లోరోఫారము ఒంటరిగా పుట్టదు. దానికి ముగ్గురు తోబుట్టువులు కలరు: బ్రోమోడైక్లోరోమీథేను, డైబ్రోమోక్లోరోమీథేను, బ్రోమోఫారము. ఈ నాలుగింటిని కలిపి ట్రైహాలోమీథేనులందురు. ఇవి తేలికగా గాలిలోనికి ఎగిరిపోవు స్వభావము గలవి. ఇవిగాక హాలోఎసిటికు ఆమ్లములు అను మరియొక కుటుంబము కలదు, అవి ఎగిరిపోవు. ఈ రెండు కుటుంబములు గాక ఇతరములు వందలకొలది గుర్తింపబడినవి గాని వానిని గూర్చి ఇచ్చట విస్తరింపను.

పై నాలుగింటిలో మూడింట బ్రోమిను కలదు. నీటిలో క్లోరిను మాత్రమే కలుపగా బ్రోమిను ఎక్కడనుండి వచ్చెనని తెలివిగల విద్యార్థి అడుగును. సముద్రజలములో లీటరునకు సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడు ఉండును. సముద్రపు ఉప్పు చొరబడిన ప్రతి బావిలోను అది కొంచెమైనను ఉండును. క్లోరిను ఆ బ్రోమైడును హైపోబ్రోమసు ఆమ్లముగా మార్చును. ఇది సేంద్రియపదార్థములతో క్లోరినుకంటె వేగముగా కలియును. మన తీరప్రాంతములందు ఉప్పుదేలిన బావులు ఎన్నియో కలవు గావున ఇది మనకు దూరపుసంగతి కాదు. బ్రోమినుగల ఉపోత్పన్నములు సాధారణముగా క్లోరోఫారముకంటె ఎక్కువ అనుమానింపదగినవని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఉప్పుబావి రుచి కొరకే గాక ఈ కారణముచేతను త్రాగుటకు పనికిరాదు.

ఇక ఇవి ఎంత ప్రమాదకరములు? 1976లో అమెరికాలోని జాతీయ క్యాన్సరు సంస్థ, పెద్ద మోతాదులలో క్లోరోఫారము పట్టించిన ఎలుకలకు మూత్రపిండములలోను, చుండెలుకలకు కాలేయములోను కంతులు పుట్టినవని ప్రకటించెను. అప్పటినుండియే భయము జనులలో ప్రబలినది. తరువాత తెలిసినదేమనగా, క్లోరోఫారము పెద్ద మోతాదులో ఆ యవయవముల కణములను చంపును. చచ్చిన కణముల స్థానమున క్రొత్తవి మరల మరల పెరుగుటలో కంతులు పుట్టును. కణములు చావనంత చిన్న మోతాదులో ఆ మార్గమున కంతి పుట్టదు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ క్లోరోఫారమును మనుష్యులకు క్యాన్సరు కలిగింప వీలున్న పదార్థముల తరగతిలో నుంచినది. నిశ్చయముగా కలిగించునను తరగతిలో నుంచలేదు. పొగాకు మాత్రము ఆ నిశ్చయపు తరగతిలో నున్నది.

ఎలుకలమాట యటుండనిండు, మనుష్యులమాట యేమి? అనేక సంవత్సరములు ఎక్కువ ట్రైహాలోమీథేనులుగల నీటిని వాడినవారిలో మూత్రాశయపు క్యాన్సరు కొంత హెచ్చుగా కనబడినదని పలు దేశముల పరిశోధనలు చూపినవి. ఐరోపాసమాజపు 26 దేశములను గూర్చి 2020లో ప్రకటింపబడిన గణనలో, ఆ దేశములలోని మూత్రాశయపు క్యాన్సరులలో నూటికి సుమారు 5 వంతులు ఈ కారణముచేత కలిగియుండవచ్చునని అంచనా వేసిరి. అది విడువదగిన సంఖ్య కాదు. మన జాబు వ్రాసినవారి పక్షమున చెప్పదగిన బలమైన సాక్ష్యము ఇదియే గనుక దానిని దాచిపెట్టుట న్యాయము గాదు. అయితే అదే రోగమునకు పొగత్రాగుట అన్నిటికంటె పెద్ద కారణమని యెల్లరు నంగీకరించినది. గర్భిణీస్త్రీలకు, గర్భస్థశిశువులకు వీనివలన హాని కలదా యనుటలో పరిశోధనల ఫలితములు ఒకదానితో నొకటి పొసగుటలేదు.

ఈ కారణములచేత ప్రభుత్వములు పరిమితులు విధించినవి. అమెరికాలో 1979లో నాలుగు ట్రైహాలోమీథేనులు కలిపి లీటరునకు 100 మైక్రోగ్రాములకు మించరాదని విధించి, 1998లో దానిని 80కి తగ్గించిరి. మన దేశపు త్రాగునీటి ప్రమాణము, 2012లో సవరింపబడిన 10500 సంఖ్యగలది, లీటరు నీటిలో క్లోరోఫారము 0.2 మిల్లీగ్రాము, బ్రోమోఫారము 0.1, డైబ్రోమోక్లోరోమీథేను 0.1, బ్రోమోడైక్లోరోమీథేను 0.06 మిల్లీగ్రామునకు మించరాదని చెప్పుచున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి సూచనలో క్లోరోఫారమునకు 0.3, కడమవానికి మన ప్రమాణములే. నాలుగును ఒక్కసారిగా నుండునప్పుడు, ఒక్కొక్కటి తన హద్దులో ఎన్నవవంతున్నదో లెక్కించి, ఆ భాగముల మొత్తము ఒకటికి మించకుండ చూడవలెనని వారి నియమము. ఎట్లనగా, వారి లెక్కచొప్పున క్లోరోఫారము 0.15, బ్రోమోడైక్లోరోమీథేను 0.03 ఉన్న నీటిలో అర్ధము, అర్ధము కలిసి ఒకటి, హద్దు నిండినది. ఒక్కొక్కటి విడివిడిగా చూచిన సగమే గదా యని సంతోషింపరాదు.

గణితమందు ప్రీతిగల విద్యార్థులు ఇంకొక లెక్క చేయవచ్చును. మన ప్రమాణపు చివరిహద్దున క్లోరోఫారముగల నీటిని దినమునకు 2 లీటర్లచొప్పున త్రాగువాని శరీరములోనికి సంవత్సరమునకు 146 మిల్లీగ్రాములు పోవును. తులమనగా సుమారు 11,660 మిల్లీగ్రాములు గావున, ఒక తులము క్లోరోఫారము త్రాగుటకు అతడు 80 సంవత్సరములు జీవింపవలెను. కాని మోతాదు చిన్నదనుట ఒక్కటే నిర్భయమునకు కారణము కాజాలదు. విషూచిక్రిమి తూకమునకు ఎంత? చిన్నమోతాదు దినదినము పడుచుండిన దేహమేమి చేయునన్నదే ప్రశ్న. దానికై పైన చెప్పిన పరిశోధనలు జరిగినవి. స్నానము చేయునప్పుడును, ముఖ్యముగా తలుపులు బిగించిన గదిలో వేడినీటితో చేయునప్పుడు, ఇవి ఆవిరితో ఊపిరిలోనికిని, చర్మముద్వారా దేహములోనికిని పోవునని తెలిసినది గనుక త్రాగుడు లెక్క ఒక్కటే సంపూర్ణము గాదు.

ఇప్పుడు త్రాసులోని రెండవ తట్టను చూతము. అపరిశుభ్రమైన నీరు త్రాగుటచే కలుగు విరేచనములవలన ఏటేట సుమారు 5 లక్షలమంది మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. విషూచి పుట్టినయింట పొద్దున ఆటలాడిన బిడ్డ సాయంకాలమునకు కన్నుమూయవచ్చును. ఉపోత్పన్నముల హాని, కలిగినచో, ఇరువది ముప్పది యేండ్లపై వేలలో ఒకరిద్దరికి కలుగునట్టిది. రెండును హానులే, కాని రెండును ఒక్క తూకపువి కావు. క్రిమిసంహారమును తగ్గించి ఉపోత్పన్నములను తగ్గింపజూడరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ స్పష్టముగా చెప్పినది.

ఇందుకు దృష్టాంతముగా పెరూదేశపు కథను చెప్పుట వాడుక. 1991 జనవరిలో ఆ దేశతీరమున విషూచి పుట్టి, ఆ యేడాదిలోనే 3 లక్షలమందికి పైగా సోకి, సుమారు 2,900 మందిని బలిగొనెను. క్యాన్సరు భయముచే అధికారులు బావులలో క్లోరిను మానుటవలననే ఇట్లయ్యెనని చాలచోట్ల వ్రాసిరి. క్లోరిను పక్షమున వాదించు నాకు ఈ కథ మిక్కిలి అనుకూలమైనదే. కాని పిమ్మట విచారించినవారు, అచ్చటి నీటి ఏర్పాటులు పూర్వమునుండియు శిథిలములై, ధనములేక, శ్రద్ధలేక, క్లోరిను సరిగా కలుపబడకయే యుండెననియు, క్యాన్సరు భయము మూలకారణమనుటకు ఆధారము చాలదనియు చూపిరి. కావున ఆ కథను వాడుకలోనున్నట్లు చెప్పను. క్లోరిను లేని నీరు ఏమి చేయగలదో మాత్రము అందు చూడవచ్చును. అది ఎందుచేత లేకపోయినను ఫలమొక్కటే.

మనకు దగ్గరిది ఏలూరు సంగతి. 2020 డిసెంబరు మొదటి దినములలో ఆ పట్టణమున హఠాత్తుగా జనులు మూర్ఛతో పడిపోజొచ్చిరి. ఆరువందలమందికి పైగా ఆసుపత్రి పాలైరి. కోవిడు దినములు గనుక వీథులలో బ్లీచింగు విరివిగా చల్లుచుండిరి. అందుచే మొదటి అనుమానములలో నొకటి క్లోరినుపై పడెను. ఢిల్లీ పండితులు రోగుల రక్తమున సీసము, నికెలు కనుగొనిరి. తుదకు పురుగుమందుల శేషములే ముఖ్యకారణమై యుండునని నిపుణులు ప్రభుత్వమునకు తెలిపిరి. ముక్కునకు తగులు వాసనగలదానిని మనము వెంటనే అనుమానింతుము. వాసనలేక, రంగులేక పొలములనుండి కాలువలోనికి జారిపడునది మన చూపును తప్పించుకొనును.

మన డెల్టా గ్రామములలో నీరెట్లు వచ్చునో మీకు తెలియును. కాలువకు నీరు వదలినప్పుడు మంచినీటి చెరువు నింపుకొని, కాలువ కట్టివేసిన వేసవినెలలు ఆ నీటితోనే గడుపుదురు. ఎండ ముదిరినకొలది చెరువు తగ్గును, నాచు పెరుగును, గట్టుమీది చెట్ల ఆకులు రాలి నీట నానును. ఉపోత్పన్నములు పుట్టుటకు కావలసినవి నాలుగు: సేంద్రియపదార్థము, క్లోరిను, వేడిమి, కాలము. వేసవిచివర మన చెరువులో మొదటిదియు మూడవదియు పుష్కలము. నీరు మురికియైనకొలది క్లోరిను ఎక్కువ వేయవలసివచ్చును గావున రెండవదియు హెచ్చును. నీటి క్షారగుణము హెచ్చినచో ట్రైహాలోమీథేనులును, తగ్గినచో హాలోఎసిటికు ఆమ్లములును ఎక్కువగా పుట్టును.

కాబట్టి ఉపాయమంతయు ఒక్క క్రమములో నున్నది: ముందు నీటిని తేర్చవలెను, పిదప క్లోరిను వేయవలెను. బురదనీటిలో పిడికిళ్లకొలది బ్లీచింగు పోయుట క్రిముల విషయమున వ్యర్థము, ఉపోత్పన్నముల విషయమున హానికరము. మన అవ్వలు కుండ లోపలితట్టున చిల్లగింజను అరగదీసి బురదనీరు తేర్చుచుండిరి. పటికముక్కను నీటిలో త్రిప్పుటయు మనయింట నున్న వాడుకయే. పటిక బురదతోబాటు సేంద్రియపదార్థములోను కొంత భాగమును అడుగునకు దింపును. పెద్ద నీటిశాలలలో చేయునదియు నిదియే. మునగగింజల పొడియు నీటిని తేర్చును గాని, దాని రసము కొంత నీటిలో నిలిచి తానే సేంద్రియపదార్థమగును. కావున దానివెంట క్లోరిను వాడువారు ఆ సంగతి మరువరాదు. పాతవన్నియు మంచివని గాని, చెడ్డవని గాని చెప్పుటకు వీలులేదు, ఒక్కొక్కదానిని పరీక్షింపవలసినదే.

బావికి మోతాదు కట్టువిధము కంఠస్థము చేయదగినది. బావి అడ్డుకొలతను మీటర్లలో తీసి, దానిని దానిచేతనే గుణించి, నీటి లోతుచే గుణించి, 3.14చే గుణించి, 4చే భాగింపగా వచ్చునది ఘనమీటర్లు. వేయిచే గుణించిన లీటర్లు. మన బావి అడ్డము 2 మీటర్లు. నీరు 3 మీటర్లున్న దినమున 9,420 లీటర్లగును. వేయి లీటర్లకు మేలైన బ్లీచింగు పౌడరు 2.5 గ్రాములచొప్పున సుమారు 24 గ్రాములు చాలును. పొడిని బకెట్టులో కొంచెము నీటితో ముద్దగా కలిపి, మరల నీరు పోసి, పదినిమిషములు తేరనిచ్చి, పైతేటను మాత్రము వేరొక బకెట్టున వంచి, దానిని బావిలో దింపి మేలుక్రిందులుగా ఆడింపవలెను. అడుగున నిలిచిన సున్నమును బావిలో పోయరాదు, నీరు కఠినమగును. పిదప ఒక గంటవరకు నీరు తోడరాదు. మూతలేని సంచిలో నిలువయుంచిన పొడి బలము తగ్గిపోవును. అట్టిదానిని వేసి వేసితిమనుకొనుట వేయకుండుటతో సమానము.

గంట గడచినపిమ్మట నీటిలో మిగిలిన క్లోరిను లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాము ఉండవలెను. క్లోరోఫారమునకు విధించిన పైహద్దును 0.2 మిల్లీగ్రామే యగుటచే విద్యార్థులు పరీక్షలలో ఈ రెంటిని తారుమారు చేయుచున్నారు. ఒకటి ఉండవలసినదానికి క్రిందిహద్దు, మరియొకటి ఉండరానిదానికి పైహద్దు.

ఇంటివద్ద చేయదగినది స్వల్పము. నీటిని బాగుగ తెర్లునట్లు కాచి, పాత్రమూత కొంచెముసేపు తీసియుంచినచో క్రిములు చచ్చును, ట్రైహాలోమీథేనులు చాలవరకు ఎగిరిపోవును. క్లోరినుకు లొంగని కొన్ని క్రిములును కాచుటచే చచ్చును. హాలోఎసిటికు ఆమ్లములు కాచినంతమాత్రమున పోవునని నమ్మరాదు. వానికి ఉత్తేజితమైన బొగ్గుతో వడపోయుట మంచిది గాని, ఆ బొగ్గును కాలము దప్పక మార్పవలెను, మార్పనిచో అదియే క్రిములకు ఇల్లగును. కాచిన నీటిలో క్లోరిను మిగులదు గావున చేయి ముంచక, గరిటెతో తీసికొని, అదే దినమున వాడవలెను. స్నానపుగది కిటికీ తెరచియుంచుటకు ఖర్చేమియు లేదు.

క్లోరినుకు బదులు వేరొకటి వాడరాదా యని యడుగువారికి: ఓజోను వాడిన బ్రోమైడు గల నీటిలో బ్రోమేటు పుట్టును, క్లోరినుడైయాక్సైడు వాడిన క్లోరైటు మిగులును, క్లోరమీనులు వాడిన నైట్రోసమీను జాతి పదార్థములు పుట్టవచ్చును. ఓజోను గొట్టములలో నిలువదు గనుక దారిలో చేరు క్రిములకు కాపుదల యుండదు. ఏ ఊరికి ఏది తగునో నీటిని పరీక్షించి నిర్ణయింపవలసినదే. మన బావివంటిదానికి బ్లీచింగు పౌడరుకంటె సులభమైనది నాకు కనబడలేదు.

జాబు వ్రాసిన తండ్రిగారు దసరాసెలవుల ముందు పాఠశాలకు వచ్చిరి. నేను వారిని బావివద్దకు తోడుకొనిపోయితిని. చూడగానే ఆయన, బావిపై వంగియున్న గానుగచెట్టు కొమ్మను చూపి, దాని యాకులు నీటిలో రాలుచుండగా మీరు మందు వేయుచున్నారా యని యడిగిరి. అది నా తప్పే. ఇంతకాలము ఆ బావిగట్టున నిలిచి మోతాదులు కట్టిన నేను తలయెత్తి చూడలేదు. మరునాడు ఆ కొమ్మ కొట్టించి, బావికి ఇనుపవల మూత వేయించితిమి. అటుపిమ్మట అంతే మోతాదుకు గంట తరువాత మిగులు క్లోరిను మునుపటికంటె ఎక్కువగా కనబడుచున్నది గనుక, పొడిని కొంత తగ్గించితిమి. ఆయన కుమారుడు వసతిగృహముననే యున్నాడు.

మిగులు క్లోరినును కొలుచు క్లోరోస్కోపు సైన్సుగది బీరువాలో కలదు. పదవతరగతి విద్యార్థులు శనివారము ఉదయము బావినీటిని పరీక్షించి గోడమీది పట్టికలో వ్రాయుచున్నారు. తమ యింటి నీటిని పరీక్షింపగోరువారు శుభ్రమైన గాజుసీసాలో అదే యుదయము పట్టి, ఎండ తగులకుండ తేవలెను. ఆలస్యమైనచో క్లోరిను ఎగిరిపోయి ఫలితము తప్పగును.